పని దానంతట అది జరిగిపోదు

ప్రశ్న: ఒక సంస్థ లెక్కల విభాగంలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. ఈసారి ఆడిట్ కోసం మూడు వారాలు రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్నాను. ఆ రోజుల్లో పిల్లలను చూసుకున్నది మావారే. తీరా ఆడిట్ ముగిశాక అందరి ముందూ మా మేనేజర్ ‘పని సజావుగా జరిగిపోయింది’ అన్నారు. నా పేరు ఎత్తలేదు. అప్పటి నుంచి ఆఫీసుకు వెళ్లబుద్ధి కావడం లేదు, పిల్లల మీద విసుక్కుంటున్నాను. మావారేమో ‘జీతం ఇస్తున్నారు కదా, ఇంకేం కావాలి?’ అంటున్నారు. నాదే తప్పా?

జవాబు: కాదమ్మా. ‘జరిగిపోయింది’ అన్న మాటే మిమ్మల్ని గుచ్చింది. పని దానంతట అది జరగలేదు, మీరు చేశారు.

మీవారి ప్రశ్నకు ఒక ప్రయోగం జవాబు చెబుతుంది. 2008లో డాన్ ఏరియలీ, మరో ఇద్దరు పరిశోధకులు దాన్ని ప్రచురించారు. అక్షరాలు నిండిన కాగితంలో పక్కపక్కనే వచ్చిన జంట అక్షరాలను వెతకాలి. కాగితానికి ఇంత అని డబ్బు ఇస్తారు. కొందరి చేత పేరు రాయించి, కాగితం పైనుంచి కిందికి చూసి భద్రపరిచారు. కొందరిది చూడకుండానే పక్కన పెట్టారు. మరికొందరిది వాళ్ల కళ్లెదుటే ముక్కలు చేశారు. ముక్కలు చేస్తే పని మీద మనసు విరగడంలో వింత లేదు. కానీ చూడకుండా పక్కన పెట్టినవాళ్లు కూడా దాదాపు అంత త్వరగానే చాలించుకున్నారు. మూడు గుంపులకీ డబ్బు లెక్క ఒకటే. ఇది ఆయనకు చదివి వినిపించండి.

మేనేజర్‌తో విడిగా మాట్లాడండి. ‘నన్ను మెచ్చుకోలేదు’ అని మొదలుపెడితే ఆయన తనను తాను సమర్థించుకునే పనిలో పడతారు. మీరు పట్టుకున్న ఒక పొరపాటునో, సరిచేసిన ఒక పద్దునో ముందు పెట్టి, ‘ఇది చూశారా, ఎలా ఉంది?’ అని అడగండి. చాలామంది పైఅధికారులు దురుద్దేశంతో కాక, చూడకపోవడం వల్లే మౌనంగా ఉంటారని నా అనుభవం. చూపించాక కూడా అదే తీరైతే, వేరే విభాగమో వేరే ఉద్యోగమో ఆలోచించడం తొందరపాటు కాదు.

నిద్ర పట్టకపోవడం, దిగులు రెండు వారాలు దాటితే మాత్రం మానసిక వైద్యులను కలవండి.

ఇంకొక్క మాట. ఆ మూడు వారాలూ పిల్లలను చూసుకున్నది మీవారే అని మీరే రాశారు. ఆ సంగతి ఆయనతో అన్నారా? అనకపోతే ఈ రాత్రే చెప్పండి. ఏ రోజు ఏం చేశారో గుర్తుచేసి మరీ చెప్పండి.