కార్డు బాకీ, నిద్రలేని రాత్రులు: నా సమాధానం
తమ్ముడూ, క్రెడిట్ కార్డు మీద 80,000 బాకీ ఉందని, నెలనెలా కనీస మొత్తం కడుతున్నా తగ్గడం లేదని, ఆ దిగులుతో నిద్ర పట్టడం లేదని రాశావు. రెండేళ్లు నేనూ ఇలాగే తెల్లవార్లూ మేలుకున్నాను.

ముందు ఈ లెక్క చూడు. వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుంటే 2,800 రూపాయలు. దానిపై 18 శాతం జీఎస్టీ మరో 504. నువ్వు కట్టే కనీస మొత్తం 5 శాతమైతే 4,000. అంటే అసలులో తగ్గేది 700 కూడా లేదు! నువ్వు చేతకానివాడివి కావు, ఆ పద్ధతే అలాంటిది.

కనీస మొత్తంతో సరిపెట్టుకోకుండా, బాకీని తక్కువ వడ్డీ వాయిదాలుగా మార్చమని బ్యాంకును అడుగు. ఇంట్లో బంగారం ఉంటే దానిపై అప్పు తెచ్చి కార్డు తీర్చేయడం ఇంకా నయం, కాకపోతే ఆ తర్వాత కార్డు ముట్టుకోకూడదు.

రాత్రి తొమ్మిదికి వసూలు ఫోన్లు వస్తున్నాయన్నావు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు.

ఈ లెక్కంతా కాగితం మీద రాసి ఇంట్లో వాళ్లకు చూపించు. నాకు మొదటిసారి కంటినిండా నిద్ర పట్టింది అప్పు తీరిన రోజున కాదు, మా ఆవిడకు ఆ కాగితం చూపించిన రాత్రి.