ఆకలేస్తే అదే తింటుందని పిల్లిని పస్తు పెట్టకండి

ఏడేళ్లుగా ఒకే తిండికి అలవాటు పడిన పిల్లి కొత్తది పెడితే వాసన చూసి వెళ్లిపోతోందని, రెండు రోజులు పస్తు పెడితే దారికొస్తుందని ఎవరో చెప్పారని, అలా చేయొచ్చా అని అడిగారు.

వద్దండీ. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే పిల్లి ఒంట్లోని కొవ్వు కాలేయంలో పేరుకుపోయి, ప్రాణం మీదికి రావచ్చు. లావుగా ఉన్న పిల్లికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అది మొదలైతే ఉన్న కాస్త ఆకలీ చచ్చిపోతుంది. చాలాసార్లు ట్యూబ్ వేసి తినిపించాల్సి వస్తుంది.

మా మల్లికి పదేళ్ల వయసులో కిడ్నీల సమస్య బయటపడింది. తిండి మార్చమన్నారు. ఆ సాయంత్రమే పాత డబ్బా లోపల పెట్టేసి, కొత్తది గిన్నె నిండా పోశాను. మల్లి వచ్చింది, ఒక్కసారి వాసన చూసింది, గిన్నె చుట్టూ నేలని గోకడం మొదలుపెట్టింది. మట్టిలో పూడ్చేసినట్టు. మర్నాడూ అంతే. "మొండికేస్తోంది, నీ గారాబమే చెడగొట్టింది" అన్నారు ఇంట్లో. ఆ రోజంతా నేనూ ఆ మాటే నమ్మాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రెండో రోజు రాత్రి పది దాటాక చూస్తే గిన్నె అలాగే ఉంది. మల్లి మంచం కింద మూలకి చేరింది. పేరు పెట్టి పిలిస్తే చెవి కూడా కదపలేదు. టెన్షన్‌తో డాక్టర్‌కి ఫోన్ చేశాను. "ముందు పాత తిండే పెట్టండి, కడుపులో ఏదో ఒకటి పడాలి" అన్నారు. పాతది ఒక చెంచా తీసి, కాస్త వేడినీళ్లు కలిపి గోరువెచ్చగా చేసి, వేలికి రాసి మూతి దగ్గర పెట్టి నేల మీద పడుకున్నాను. చాలాసేపటికి ముక్కు కదిలింది. ఆ తర్వాత గరుకు నాలుక వేలికి తగిలింది. నాకు కళ్ల నీళ్లు ఆగలేదు.

ఆ రాత్రి నాకు అర్థమైంది ఇదే: పిల్లి తినాలా వద్దా అన్నది ముక్కు తేలుస్తుంది. దాని నాలుక మీద రుచి మొగ్గలు కొన్ని వందలే, మనకి వేలల్లో ఉంటాయి. తీపి అయితే దానికి అసలు తెలియదు. ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే పెడితే వాసన రాదు, వాసన రాకపోతే దాని లెక్కలో అది తిండే కాదు.

తర్వాత పాతదాంట్లో కొత్తది చిటికెడు కలపడంతో మొదలుపెట్టాను. మూడు నాలుగు రోజులు సాఫీగా తింటేనే ఇంకొంచెం పెంచేదాన్ని, వాసన చూసి వెనక్కి తగ్గితే నేనూ ఒక అడుగు వెనక్కి. వారం పది రోజుల్లో మార్చేయమని ప్యాకెట్ల మీద రాస్తారు. మాకు ఆరు వారాలు పట్టింది. చిన్నప్పటి నుంచి కరకరలాడే గింజలే తిన్న పిల్లికి మెత్తటి ముద్ద పెడితే ఇంకా ఎక్కువే పట్టొచ్చు.

తిండి మార్చమని చీటీ రాసే డాక్టర్లు ఎలా మార్చాలో రెండు నిమిషాలు చెబితే ఎంత బాగుంటుంది! ఇంకో విషయం, కొత్త తిండిలో మందు మాత్రం కలపకండి. నేను ఒకసారి కలిపాను. చేదు తగిలాక నెల రోజులు ఆ గిన్నె వైపే రాలేదు. వేరే గిన్నె కొంటే గానీ కుదరలేదు.

మీరైతే ఈ రాత్రికి పాత తిండే పెట్టండి, గోరువెచ్చగా. అదీ ముట్టకుండా 24 గంటలు దాటితే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పంటి నొప్పి ఉన్నా, జలుబుతో ముక్కు మూసుకుపోయినా పిల్లి ఇలాగే చేస్తుంది.