లినక్స్‌లో మామూలు ప్రోగ్రామ్ పీసీఐ కాన్ఫిగరేషన్ రిజిస్టర్లను నేరుగా చదవగలదా?

నేరుగా చదవలేదు, కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌ను అదుపు చేసే ప్రధాన భాగాన్ని) అడిగి తెప్పించుకోవాల్సిందే. పీసీఐ అంటే గ్రాఫిక్స్, నెట్‌వర్క్ కార్డుల్లాంటి డివైస్‌లను కంప్యూటర్‌కు కలిపే పద్ధతి. డివైస్ తన గుర్తింపు, సెట్టింగులు ఉంచుకునే చోట్లే ఈ రిజిస్టర్లు.

ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ తరహా ప్రాసెసర్లున్న) కంప్యూటర్లలో పాత పద్ధతి ప్రకారం ఈ పని రెండు అంచెల్లో జరుగుతుంది. ఏ డివైస్, ఏ రిజిస్టర్ కావాలో ముందు సీఎఫ్8 అనే పోర్టులో (ప్రాసెసర్ హార్డ్‌వేర్‌తో మాట్లాడే నంబరున్న దారిలో) రాయాలి. ఆ తర్వాత సీఎఫ్‌సీ పోర్టు నుంచి విలువ చదవాలి. ఈ రెండింటి మధ్యలో ఇంకో ప్రోగ్రామ్ దూరి సీఎఫ్8లో తన చిరునామా రాసిందనుకోండి, మీకు వచ్చేది వేరే డివైస్ విలువ! పైగా ఎర్రర్ కూడా రాదు. అందుకే కెర్నల్ లాక్ వేసుకుని రెండు అంచెలూ ఒకేసారి పూర్తిచేస్తుంది. యూజర్ మోడ్‌లోని, అంటే మామూలు ప్రోగ్రామ్‌లు నడిచే పరిమిత స్థితిలోని ప్రోగ్రామ్ ఆ పోర్టులు ముట్టుకోబోతే, కెర్నల్ ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, ప్రాసెసరే ఆపేస్తుంది.

మరి కెర్నల్‌ను అడగడం ఎలా? ఉదాహరణకు, సిస్‌ఎఫ్ఎస్‌లో (హార్డ్‌వేర్ వివరాలను కెర్నల్ ఫైళ్ల రూపంలో చూపే చోట) ప్రతి పీసీఐ డివైస్‌కూ 'కాన్ఫిగ్' అనే ఫైల్ ఉంటుంది. ఇంటెల్ డివైస్ ఫైల్ తెరిస్తే మొదటి రెండు బైట్లు 86, 80 అని కనిపిస్తాయి. సంఖ్యలో చివరి బైట్ ముందు వస్తుంది కాబట్టి దాన్ని 8086 అని చదవాలి, అదే ఇంటెల్ వెండర్ (తయారీదారు) నంబర్.

సుడో (రూట్, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా ప్రోగ్రామ్ నడిపే కమాండ్) పెడితే ప్రోగ్రామ్ కెర్నల్ మోడ్‌లోకి వెళ్లిపోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ప్రోగ్రామ్ యూజర్ మోడ్‌లోనే ఉంటుంది, కెర్నల్ ఇచ్చే అనుమతి మాత్రమే పెరుగుతుంది. మామూలు యూజర్‌కు సాధారణంగా మొదటి 64 బైట్లే దక్కుతాయి. రూట్‌కు మొత్తం 256, పీసీఐ ఎక్స్‌ప్రెస్ అయితే 4096 వరకూ అందుతాయి. కొన్ని డివైస్‌లు ఆపై భాగాన్ని చదివితేనే హ్యాంగ్ అవుతాయి, అందుకే ఈ జాగ్రత్త.