ప్యాక్‌మ్యాన్‌కి ఎనిమిది దిక్కులెందుకు?

ప్రశ్న: ప్యాక్‌మ్యాన్, డాంకీ కాంగ్, గాలగా లాంటి పాత ఆర్కేడ్ ఆటలు (ఒకప్పుడు నాణెం వేసి మెషీన్ మీద ఆడినవి) ఇంట్లో కంప్యూటర్ మీద ఆడుతుంటాను సార్. గేమ్‌ప్యాడ్ మీదున్న చిన్న స్టిక్‌తో ఆడితే బొటనవేలు నొప్పి, పైగా మలుపు దగ్గర నేను పైకి అంటే ప్యాక్‌మ్యాన్ పక్కకి పోయి దెయ్యానికి దొరికిపోతుంది. ఎనిమిది బటన్ల ఆర్కేడ్ స్టిక్, అంటే పెట్టె మీద జాయ్‌స్టిక్, బటన్లు ఉండేది, ఒకటి చూసిపెట్టాను. కొనేయమంటారా? మా అబ్బాయేమో ట్రాక్‌బాల్ (చేత్తో దొర్లించే బంతి) కూడా ఉన్నదే తీసుకోమంటున్నాడు.

జవాబు: కాస్త ఆగండి. బటన్లు ఎన్ని అన్నది తర్వాత, ముందు ఆ స్టిక్ ఎన్ని దిక్కులకి కదులుతుందో కనుక్కోండి. 1980 నాటి ప్యాక్‌మ్యాన్ మెషీన్‌కి నాలుగు దిక్కుల జాయ్‌స్టిక్ ఒక్కటే, ఆటలో నొక్కడానికి బటనే లేదు. 1981లో వచ్చిన డాంకీ కాంగ్‌కి దానికి తోడు గెంతడానికి ఒక బటన్, అంతే. ఇప్పుడు అమ్మే స్టిక్‌లు ఎక్కువగా ఫైటింగ్ ఆటల వాళ్ల కోసం చేసినవి. 1991లో స్ట్రీట్ ఫైటర్ 2 వచ్చింది చూడండి, దానికి ఎనిమిది దిక్కులూ కావాలి, పంచ్‌లకి మూడు, కిక్‌లకి మూడు, మొత్తం ఆరు బటన్లూ కావాలి.

ఇలాంటి స్టిక్ లోపల నాలుగు వైపులా నాలుగు చిన్న స్విచ్‌లుంటాయి, ఏటవాలుగా తోస్తే పక్కపక్కనున్న రెండూ ఒకేసారి నొక్కుకుంటాయి. ఫైటింగ్ ఆటకి అదే కావాలి, కానీ నాలుగు దిక్కులే తెలిసిన ప్యాక్‌మ్యాన్‌కి పైకి, కుడికి రెండూ ఒకేసారి అందితే మీరనుకున్నదే చేస్తుందన్న నమ్మకం లేదు. ఇప్పుడు గేమ్‌ప్యాడ్‌తో మీరు పడుతున్న తంటా బహుశా ఇదే. అంటే డబ్బు పోసి ఆ అందమైన పెట్టె తెచ్చుకున్నా దెయ్యాలు మిమ్మల్ని పట్టుకుంటూనే ఉంటాయి.

స్టిక్ అడుగున గేట్ అని ఒక ప్లాస్టిక్ పలక ఉంటుంది, స్టిక్ ఎటెటు కదలాలో హద్దు పెట్టేది అదే. కొన్ని రకాల్లో దీన్ని తిప్పి బిగిస్తేనో, మార్చి వేస్తేనో ఎనిమిది దిక్కులది నాలుగు దిక్కులదవుతుంది. మీరు కొనేదాంట్లో ఆ వీలుందో లేదో, అడుగు మూత సులువుగా ఊడుతుందో లేదో అడిగి తెలుసుకోండి, లేదంటే వదిలేయండి. గాలగాతో గొడవే లేదు, కుడి ఎడమలు, కాల్చడానికి ఒక బటన్, దానికి ఏ స్టిక్ అయినా చాలు. పెట్టె మాత్రం బరువుగా ఉండాలి, తేలికదైతే ఆట ఊపులో బల్ల మీద జారిపోతుంది.

ట్రాక్‌బాల్ మిసైల్ కమాండ్, సెంటీపీడ్ లాంటి ఆటలకి. మీరు చెప్పిన మూడింట్లో దేనికీ అక్కర్లేదు. అబ్బాయి అవి ఆడతానంటే ముందు మామూలు మౌస్‌తో ఆడి చూడమనండి, చాలావరకు సరిపోతుంది.

ప్రశ్న: వైర్‌లెస్ స్టిక్ తీసుకుంటే ఆలస్యం ఉంటుందంటున్నారు, నిజమేనా?

జవాబు: కొంత ఉండొచ్చు, అది స్టిక్‌ని బట్టి. ఈ ఆటల్లో తెర మీద బొమ్మ సెకనుకి దాదాపు 60 సార్లు మారుతుంది, అంటే ఒక్కో బొమ్మకి 16 మిల్లీసెకన్ల పైచిలుకు, కాబట్టి రెండు మూడు బొమ్మలు వెనకబడినా చేతికి తెలిసిపోతుంది. టెన్షన్ లేకుండా వైరుదే తీసుకోండి. అయితే టీవీలో ఆడేవాళ్లు స్టిక్‌ని తిట్టేముందు సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ పెట్టి చూడాలి, బొమ్మకి మెరుగులు దిద్దుతూ టీవీయే ఎక్కువ ఆలస్యం చేస్తుంటుంది.