చేత్తో గీసిన బొమ్మకి ప్రాణం ఎక్కడి నుంచి వస్తుంది? (మూడేళ్ళు ఇన్‌బిట్వీన్స్ గీసిన అనుభవంతో చెప్తున్నా)

మీరు అడిగింది ఇది కదా: పాత డిస్నీ సినిమాలు ఇప్పుడు చూసినా బొమ్మలు బతికున్నట్టే ఉంటాయి, అది నిజంగా ఆ యానిమేటర్ల గొప్పతనమా, లేక చిన్నప్పుడు చూశాం కాబట్టి మనకి అలా అనిపిస్తుందా అని.

చిన్నప్పటి ఇష్టం కొంత ఉంటుందండి, కాదనను. కానీ చాలావరకు అది చేతిపనే. నేను 2001 నుంచి 2004 దాకా హైదరాబాద్‌లో ఒక 2డి (కాగితం మీద చేత్తో గీసే యానిమేషన్) స్టూడియోలో ఇన్‌బిట్వీనర్‌గా చేశా. యానిమేటర్ ముఖ్యమైన భంగిమలు గీసిస్తాడు, వాటిని కీస్ అంటాం, రెండు కీస్ మధ్యలో వచ్చే బొమ్మలన్నీ గీసేది ఇన్‌బిట్వీనర్. పొద్దున్నే వెళ్ళి లైట్ బాక్స్ (కింది నుంచి వెలుతురు వచ్చే బల్ల) ముందు కూర్చుంటే సాయంత్రానికి కళ్ళు మండేవి. మేం చేసిందంతా బయటి దేశాల టీవీ కార్టూన్ల పనే, దాంట్లో గొప్ప సీన్లేం లేవు, కానీ మీ ప్రశ్నకి జవాబు నాకు అక్కడే దొరికింది.

చేరిన మొదటి నెలలో ఒక పిల్లాడు తల తిప్పే సీన్ ఇచ్చారు. మొదటి కీలో ఎడమవైపు చూస్తుంటాడు, తర్వాత కీలో కుడివైపు, మధ్యలో నేను మూడు బొమ్మలు గీయాలి. రెండు కీస్ కింద పెట్టి ప్రతి గీతకీ సరిగ్గా మధ్యలో గీత గీశా, కొలిచి మరీ గీశా. మాస్టారు (సీనియర్ యానిమేటర్ ఒకాయన, అందరం అలాగే పిలిచేవాళ్ళం) కాగితాలు వేళ్ళ మధ్య పెట్టుకుని ఫ్లిప్ చేసి చూసి ఒక్కటే అడిగారు, "వీడు ఎందుకు తిరిగాడ్రా?" అని. నాకు అర్థం కాలేదు. వెంటనే వెనక నుంచి ఎవరో నా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూశా, మాస్టారే సైగ చేసి పిలిపించారట. "ఇప్పుడు ఏం చేశావో చెప్పు" అన్నారు. ఆలోచిస్తే ముందు కళ్ళు కదిలాయి, తర్వాత రెప్ప పడింది, గడ్డం కాస్త కిందకి దిగి అప్పుడు తల అటు వెళ్ళింది, తల తిన్నగా వెళ్ళలేదు, చిన్న వంపు తిరిగి వెళ్ళింది. మళ్ళీ గీశా, మొదటి బొమ్మలో కళ్ళు మాత్రమే జరిపా, మధ్య బొమ్మలో గడ్డం దించి రెప్పలు మూసేశా. అవే మూడు కాగితాలు, అదే టైమింగ్. ఫ్లిప్ చేస్తే పిల్లాడు ఏదో విని తిరిగాడు! ఆ క్షణం నాకు ఒళ్ళు జలదరించింది, ఇప్పటికీ గుర్తే.

అందుకే నా జవాబు ఏంటంటే, కదలిక కంటే ముందు ఆలోచన కనపడాలి. పాత యానిమేటర్ల గొప్పతనం అందంగా గీయడంలో లేదని కాదు, గీత వాళ్ళకి ఎలాగూ వచ్చు, కానీ వాళ్ళు ముందు నటులు, పెన్సిల్‌తో నటించేవాళ్ళు. సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మ రెండు ఫ్రేములు ఉంచినా సెకనుకి 12 బొమ్మలు, అంటే ఒక్క పాత్రకే నిమిషానికి 720 కాగితాలు. మామూలు నటుడు ఒక్క ఊపులో చేసేసే భావాన్ని వీళ్ళు వారాల తరబడి ముక్కలు ముక్కలుగా గీస్తూ, ఆ ఊపు పోకుండా పట్టుకోవాలి.

మాస్టారు మధ్యాహ్నం భోజనాలయ్యాక సీడీ పెట్టి ఆపి ఆపి చూపించేవారు. ఎక్కువసార్లు చూపించింది 1937 నాటి స్నో వైట్‌లో గ్రంపీ సీన్. మరుగుజ్జులందరూ పనికి వెళ్తుంటే స్నో వైట్ ఒక్కొక్కరికీ తల మీద ముద్దు పెట్టి పంపిస్తుంది, చివర్లో గ్రంపీ అనే కోపిష్టి మరుగుజ్జు ఉంటాడు, వాడికి ఎవరి మీదా ఇష్టం ఉన్నట్టు కనపడకూడదు. ముద్దు పెట్టగానే విదిలించుకుని కోపంగా విసవిసా నడుస్తాడు, నాలుగడుగులు వేశాక నడక మెల్లగా సడలిపోతుంది, మొహం కరిగిపోతుంది, ఆగి వెనక్కి తిరిగి ఆమె వైపు చూసి నిట్టూరుస్తాడు, అంతలో తను కరిగిపోయిన సంగతి తనకే తెలిసి మళ్ళీ కోపం తెచ్చుకుని బయల్దేరి చెట్టుకి కొట్టుకుంటాడు. ఇది గీసింది బిల్ టైట్లా, ఉక్రెయిన్ నుంచి అమెరికా వచ్చిన కుటుంబంలో పుట్టినవాడు. నడక ఏ అడుగులో సడలిందో చూడమనేవారు మాస్టారు. మొహంలో నవ్వు రాకముందే నడుములో బిగువు పోతుంది! కోపం ముందు ఒంట్లోంచి దిగి తర్వాత మొహంలోంచి దిగుతుంది. ఇంట్లో నాన్న కోపం తగ్గేటప్పుడు కూడా ఇంతే కదా, మాట మెత్తబడే ముందు భుజాలు దిగుతాయి. అదే టైట్లా 1940లో ఫాంటసియా అనే డిస్నీ సినిమాలో కొండంత భూతాన్ని గీశాడు, ఆ తర్వాతేడు డంబోలో ఏనుగు పిల్లని గీశాడు. డంబో సినిమా మొత్తమ్మీద ఒక్క మాట మాట్లాడదు, అంతా చెవులూ తొండమూ కళ్ళే. తన చిన్న కొడుకుని చూసి ఆ పిల్ల ఏనుగు హావభావాలు పట్టుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. తల్లి కాళ్ళ మధ్య దోబూచులాడే చోట చూస్తే తెలిసిపోతుంది, అది ఏనుగు కంటే ముందు రెండేళ్ళ పిల్లాడు.

అదే స్నో వైట్‌లో ఇంకో సంగతి కూడా గమనించండి, మరుగుజ్జులతో పోలిస్తే స్నో వైట్, మరీ ముఖ్యంగా ఆ రాకుమారుడు కొంచెం బిగుసుకుపోయినట్టు ఉంటారు. స్నో వైట్ కోసం మార్జ్ చాంపియన్ అనే డాన్సర్‌ని కెమెరాతో తీసి దాన్ని ఆధారంగా పెట్టుకున్నారు. నిజం మనిషి కదలికని దగ్గర పెట్టుకుంటే నిజంలా ఉండాలి కదా అనిపిస్తుంది, కానీ ఉన్నదున్నట్టు దించితే బరువు పోతుంది, నిర్ణయం పోతుంది. దించిన గీతలో ఎవరూ ఏమీ ఎంచుకోలేదు. మనకి బాపు గీత తెలుసు కదా, ఒక్క నడుం వంపు, ఒక్క కంటి చివర, మిగతాది గీయనే గీయడు, అయినా మనిషి ఎదురుగా నిలబడినట్టు ఉంటుంది. ఏది వదిలేయాలో తెలియడమే అక్కడ పని, యానిమేషన్‌లోనూ అంతే, కాకపోతే సెకనుకి పన్నెండుసార్లు ఎంచుకోవాలి.

బరువు గురించి ఒక మాట. మాస్టారు నాతో ఒక వారం రోజులు బిందె ఎత్తే మనిషినే గీయించారు, ఖాళీ బిందె, నిండు బిందె. నాకు రాలేదు. పండక్కి ఏలూరు వెళ్ళినప్పుడు అమ్మ కుళాయి దగ్గర నుంచి నీళ్ళు మోస్తుంటే గట్టు మీద కూర్చుని చూశా. నిండు బిందె చంకనెత్తే ముందే ఒళ్ళు రెండోవైపుకి ఒరుగుతుంది, ఖాళీ చెయ్యి తనంతట తనే పక్కకి చాస్తుంది, అడుగు చిన్నదైపోతుంది. చిన్నప్పటి నుంచి రోజూ కళ్ళ ముందే ఉన్నా ఆ రోజే మొదటిసారి చూశా! తర్వాత జంగిల్ బుక్‌లో బలూ అనే ఎలుగుబంటిని చూస్తే, చెట్టుకి వీపు గోక్కునేటప్పుడు ఆ కండ, ఆ తొడలు, ఆ ఊగడం అన్నిటికీ బరువుంది. బలూని ఎక్కువగా గీసిన ఓలీ జాన్‌స్టన్, ఆయన స్నేహితుడు ఫ్రాంక్ థామస్ ఇద్దరూ పక్క పక్క ఇళ్ళలో ఉండేవాళ్ళు, ఒకే కార్లో ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు. తాము నేర్చుకున్నదంతా 1981లో పుస్తకంగా రాసి పెట్టారు, పన్నెండు సూత్రాలు అని ఇప్పుడు ప్రతి యానిమేషన్ కోర్సులో చెప్పేవి దాంట్లోవే, త్రీడీ వాళ్ళు కూడా వాటి మీదే బతుకుతున్నారు. స్నో వైట్ పాడె చుట్టూ మరుగుజ్జులు ఏడ్చే సీన్ ఫ్రాంక్ థామస్‌దే. అక్కడ దాదాపు కదలికే లేదు. కదిలించడం వచ్చినవాడు కదలకుండా ఉంచడానికి ఎంత ధైర్యం కావాలో గీసినవాళ్ళకి తెలుస్తుంది.

డిస్నీ యానిమేటర్ మిల్ట్ కాల్ గురించి చెప్పకుండా ఎలా. పని చేసేటప్పుడు పాటలు వింటారా అని ఎవరో అడిగితే ఆయన మండిపడి, ఒకేసారి రెండు విషయాలు ఆలోచించేంత తెలివి నాకు లేదు అన్నాడట. ఇది విన్న రోజు నుంచి నేను వాక్‌మన్ డ్రాయర్లో పెట్టేశా, నిజంగానే నా తప్పులు సగం తగ్గాయి.

పాతదంతా గొప్పదని మాత్రం నేను అనను. 1973 రాబిన్ హుడ్‌లో డాన్సు చూస్తే కొంత భాగం స్నో వైట్ బొమ్మల మీదే పెట్టి మళ్ళీ గీసింది. టీవీకి చేసినవైతే నోరు మాత్రమే ఆడేవి బోలెడు. మనం ప్రేమగా గుర్తుపెట్టుకునేవి ఆ కొద్దిమంది చేతుల్లోంచి వచ్చినవి. ఆ చేతుల వెనక సెల్స్ (బొమ్మని దించే పారదర్శకమైన షీట్లు) మీద ఇంకు గీతలు వేసి రంగులు నింపిన వందల మంది ఆడవాళ్ళున్నారు, వాళ్ళని చాలాకాలం యానిమేషన్ బల్ల దగ్గరికే రానివ్వలేదు. బాంబిలో వేటకుక్కలు జింకని తరిమే సీన్ గీసిన రెట్టా స్కాట్ పేరు మీరు తప్పక గుర్తుపెట్టుకోవాలి, డిస్నీలో యానిమేటర్‌గా తెర మీద పేరు పడ్డ మొదటి మహిళ ఆమె. ఆ కుక్కలంత క్రూరంగా ఆ సినిమాలో ఇంకేవీ ఉండవు.

మన దేశానికి కూడా ఈ విద్య చేతి నుంచి చేతికే వచ్చింది. డిస్నీలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ 1956లో బొంబాయి ఫిల్మ్స్ డివిజన్‌కి వచ్చి మనవాళ్ళకి నేర్పాడు, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో రామ్ మోహన్ ఒకరు. మా మాస్టారు బొంబాయిలో నేర్చుకున్నది ఆ తరం వాళ్ళ దగ్గరే, అందుకే నాకు నేర్పిన ఆ తల తిప్పడం ఎక్కడో డిస్నీ స్టూడియో ఉన్న బర్బాంక్‌లో ఒక బల్ల మీద మొదలైందని అనిపిస్తుంది.

మా స్టూడియోలో 2డి సెక్షన్ 2004లో మూసేశారు. ఎనిమిదేళ్ళ కాగితాలు, కీస్‌తో సహా, కట్టలు కట్టి కాటా వేసి అమ్మేశారు. నేను ఆ పిల్లాడి తల తిప్పే ఐదు కాగితాలు అడిగి తెచ్చుకున్నా. ఆ సీరియల్ ఎవరికీ గుర్తులేదు, అయినా దాచుకున్నా.

మీకు నిజంగా తేల్చుకోవాలనుంటే నా మాట నమ్మక్కర్లేదు. చిన్నప్పుడు మీరు చూడని సీన్ ఒకటి తీసుకోండి, అప్పుడు జ్ఞాపకం అడ్డురాదు. కంప్యూటర్లో యూట్యూబ్ పాజ్ చేసి కామా, ఫుల్‌స్టాప్ కీలు నొక్కితే ఒక్కో ఫ్రేమ్ వెనక్కీ (కామా), ముందుకీ (ఫుల్‌స్టాప్) జరుగుతుంది. గ్రంపీ సీన్ చూడకపోతే దాంతోనే మొదలుపెట్టండి, సౌండ్ తీసేసి, మొహం చూడకుండా ముందు నడుం, భుజాలు చూడండి. ఎన్నో అడుగులో కోపం పోయిందో కింద కామెంట్లో రాయండి, నాకు ఒక లెక్క ఉంది, మీది ఎంతొస్తుందో చూడాలనుంది.