చెవుల సంగతి సరే, ఆ బీపీ మాటేమిటి?

ప్రశ్న: నా వయసు 46. శంషాబాద్ విమానాశ్రయం దగ్గర ఉంటాం. అర్ధరాత్రి దాటాక కూడా ఇంటి మీదుగా విమానాలు వెళ్తుంటాయి. నిద్ర పట్టక, మెడికల్ షాపులో అడిగి రెండు నెలలుగా రాత్రిపూట ఆల్‌ప్రజొలామ్ 0.5 వేసుకుంటున్నాను. ఈమధ్య బీపీ 152/96 వచ్చింది, నిద్ర లేకే అనుకున్నాను. ఈ మోతకు చెవుడు వస్తుందా?
– ఒక పాఠకుడు

జవాబు: సాధారణంగా 85 డెసిబెల్స్ మోతలో రోజుకు ఎనిమిదేసి గంటలు, ఏళ్ల తరబడి ఉంటే వినికిడి దెబ్బతింటుంది. ఇంట్లో పడుకున్నవారికి అంత మోత తగలడం అరుదు. చెవిలో హోరు ఉంటే మాత్రం ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించుకోండి.

నా బెంగంతా మీరు ఒక్క ముక్కలో తేల్చేసిన 152/96 గురించే. నిద్రలో బీపీ తగ్గాలి. లండన్‌లోని హీత్రోతో సహా నాలుగు యూరప్ విమానాశ్రయాల దగ్గర 140 మందిని నిద్రలో పరిశీలించి 2008లో ఫలితాలు ప్రకటించారు. మెలకువ రాకపోయినా విమానం మోతకు వారి పై బీపీ సగటున 6 పాయింట్లు పెరిగింది. అలాగని మీ బీపీకి మోతే కారణమని చూడకుండా చెప్పలేను. గురక, బరువు, షుగర్, కిడ్నీలు అన్నీ చూడాలి.

వారం పాటు పొద్దున కాఫీకి ముందు, రాత్రి పడుకునే ముందు బీపీ రాసుకోండి. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుని, చేయి గుండె ఎత్తున ఆనించి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. మొదటి రోజు అంకెలు వదిలేసి సగటు తీయండి. 135/85 లేదా ఆపైన ఉంటే ఫిజీషియన్‌ను కలవండి. 180/120 దాటి, ఛాతీ నొప్పో మాట తడబాటో ఉంటే వారం ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇక ఆ మాత్ర. అది షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అడిగితే ఇచ్చేశారు, మీరూ వేసేసుకున్నారు! రెండు నెలలంటే ఒంటికి అలవాటు పడి ఉండొచ్చు. ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. ఒక్కసారిగా ఆపితే నిద్ర ఇంకా చెడుతుంది, వణుకు వస్తుంది, కొందరికి ఫిట్స్ కూడా రావొచ్చు. డాక్టరే డోసు మెల్లగా తగ్గిస్తారు. మద్యంతో కలిపి మాత్రం అసలు వద్దు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంటే ఈ మాత్ర దాన్ని ముదరబెట్టొచ్చు.

మోతకు దూది పనికిరాదు. ఫోమ్ ఇయర్‌ప్లగ్‌ను సన్నగా నలిపి, చెవిని పైకీ వెనక్కీ లాగి దూర్చి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి పట్టండి. చాలామంది పైపైన పెట్టుకుని పనిచేయలేదంటారు. స్లైడింగ్ కిటికీల సందుల్లోంచి మోత బాగా వస్తుంది. వాటికి రబ్బరు బీడింగ్ వేయించండి, కర్టెన్లతో పెద్దగా ఒరిగేదేమీ లేదు.

డాక్టర్ దగ్గరికి మాత్రల స్ట్రిప్పు, బీపీ రాసిన కాగితం పట్టుకెళ్లండి. మీరు గురక పెడతారో లేదో మీకు తెలియదు కాబట్టి ఇంట్లోవాళ్లనూ వెంటబెట్టుకెళ్లండి.