గేరు గట్టిగా పడితే బాక్సు ఎక్కువ కాలం బతుకుతుందా?

ప్రశ్న: నేను ఆర్టీసీ డ్రైవర్‌ని. ఉప్పల్‌లో ఉంటాం. మా అబ్బాయి ఆటోమొబైల్ డిప్లొమా ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. ఆరు నెలలుగా సాయంత్రం పూట ఒక గ్యారేజీకి వెళ్తున్నాడు. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో స్ప్రింగులవీ మార్చి గేరు గట్టిగా పడేలా చేస్తే బాక్సు ఎక్కువ కాలం మన్నుతుందట. ముందు మా తమ్ముడి ఎర్టిగాకు చేసి చూపిస్తాడట, 40 వేలు అడుగుతున్నాడు. డిప్లొమా అయ్యాక చదువు ఆపేసి ఇదే పని పెట్టుకుంటానంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఇందులో బతుకుతెరువు ఉందా?

జవాబు: మీవాడు చెప్పేది అబద్ధం కాదు, కానీ సగమే నిజం. ఆ సగం సంగతి నాకంటే మీకే బాగా తెలుసు.

ఎత్తు మీద బస్సును హాఫ్ క్లచ్‌తో నిలబెడితే ఏమవుతుంది? ప్లేటు కాలిన వాసన వస్తుంది. ఆటోమేటిక్ బాక్సులోనూ క్లచ్ ప్లేట్లే ఉంటాయి, కట్టలు కట్టలుగా, ఆయిల్‌లో మునిగి. వాటిని నొక్కేది ఆయిల్ ప్రెషర్. లోపల కూర్చున్నవాళ్లకు కుదుపు తెలియకూడదని కంపెనీవాళ్లు ఆ ప్రెషర్‌ను మెల్లగా ఎక్కనిస్తారు. అలా ఎక్కే లోపు ప్లేట్లు కాస్త జారతాయి, వేడెక్కుతాయి, అరుగుతాయి. మీవాడు చేస్తానంటున్న పనికి వాడేది షిఫ్ట్ కిట్, అంటే ఆ జారుడును తగ్గించే ఏర్పాటు. ఆయిల్ ఎటు వెళ్లాలో నడిపించే వాల్వ్ బాడీలో స్ప్రింగులు మారుస్తారు, మధ్యలో ఉండే ఇనప రేకుకు కొన్ని రంధ్రాలు పెద్దవి చేస్తారు. ప్రెషర్ త్వరగా ఎక్కి ప్లేట్లు టక్కున పట్టుకుంటాయి.

రెండో సగమూ మీకు తెలిసిందే. కొత్తగా చేరిన డ్రైవర్ క్లచ్ మీంచి కాలు ఒక్కసారిగా తీసేస్తే బస్సు ఎలా ఎగురుతుంది? అదే పని రోజూ చేస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు ఎన్నాళ్లు ఆగుతాయి? ప్రెషర్ హద్దు మీరితే ఆటోమేటిక్ గతీ అంతే. ప్లేట్లు మిగులుతాయి, షాఫ్టులు, మౌంటింగులు దెబ్బతింటాయి. గట్టిగా పడటం వేరు, కొట్టినట్టు పడటం వేరు. ఆ తేడా పట్టుకోవడమే అసలు పనితనం. అది ఆరు నెలల్లో రాదు.

పైగా ఈ విద్య పుట్టిన చోటు వేరు. 1964లో జనరల్ మోటార్స్ తెచ్చిన టర్బో హైడ్రామాటిక్ 400 లాంటి అమెరికా బాక్సుల్లో కంప్యూటర్ లేదు. గేరు ఎప్పుడు పడాలో, ఎంత గట్టిగా పడాలో ఆయిలూ స్ప్రింగులే తేల్చేవి. ఇప్పటి బాక్సులో కంప్యూటర్ సోలెనాయిడ్లతో, అంటే కరెంటుతో పనిచేసే వాల్వులతో, ప్రెషర్ నడిపిస్తుంది. ప్లేట్లు అరిగేకొద్దీ లెక్క సరిచేసుకుంటుంది. గేరు మారే క్షణంలో ఇంజిన్ జోరు కూడా తగ్గిస్తుంది. దానికి చెప్పకుండా స్ప్రింగు మారిస్తే దాని లెక్క తప్పుతుంది. అందుకే ఈ రోజుల్లో సగం పని స్పానర్‌ది, సగం లాప్‌టాప్‌ది.

మీవాడిని ఒక్కటి అడిగి చూడండి: ‘ఏ ఆటోమేటిక్?’ ఎర్టిగాలో ఉన్నది టార్క్ కన్వర్టర్ బాక్సు, అంటే ఇంజిన్ జోరును ఆయిల్ ద్వారా గేర్లకు అందించేది, కాబట్టి దాని విషయంలో కిట్ అన్న మాటకు అర్థమైనా ఉంది. 2014లో సెలేరియోతో మన దగ్గర మొదలైన ఏఎంటీలో ఉండేది మామూలు గేర్‌బాక్సే, క్లచ్‌నూ గేర్లనూ కదిపేది మాత్రం యంత్రం. హోండా సిటీలో సీవీటీ, అందులో మెట్లలాంటి గేర్లే ఉండవు. రెండు క్లచ్‌లుండే పోలో డీఎస్‌జీది ఇంకో కథ. ఈ నాలుగూ విడదీసి చెప్పగలిగితే కుర్రాడు దారిలోనే ఉన్నాడు. ‘అన్నీ ఒకటే నాన్నా’ అంటే 40 వేలు జేబులోనే ఉంచుకోండి.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. నా పాత కారు సీవీటీ. ఒక గ్యారేజీలో ‘ఎర్రగా ఉంటే చాలు సార్’ అని మామూలు ఏటీఎఫ్, అంటే వేరే ఆటోమేటిక్ బాక్సులకు వాడే ఆయిల్, పోశారు. వారం తిరక్కుండానే బండి వణకడం మొదలైంది. ఇంకో చోటికి తీసుకెళ్లాను. ఆ మెకానిక్ పాత ఆయిల్ చుక్క తెల్ల కాగితం మీద వేసి, వాసన చూసి, నన్ను ఒక్క మాటా అడగకుండానే జరిగింది చెప్పాడు. పక్క బల్ల మీద ఒక వాల్వ్ బాడీ విప్పి ఉంది, చీమల పుట్టను నిలువుగా కోసినట్టు అన్నీ సందులే. అందులోంచి తీసిన చిన్న ఉక్కు గోలీలను టీ సాసర్లో పోసి లెక్కపెడుతున్నాడు. ఒక్కటి తక్కువైనా బాక్సు మళ్లీ విప్పాల్సిందేనట. నా కారుతో పాటు ఇంకో నాలుగు కార్లు అక్కడ వరుసలో ఉన్నాయి.

డబ్బు ఉన్నది ఆ వరుసలో. గేరు గట్టిగా పడాలని అడిగే సరదా కస్టమర్లు మన ఊళ్లో కొద్దిమందే. వారంటీ అయిపోయి, షోరూంలో ‘బాక్సు మొత్తం మార్చాలి’ అన్నాక దిక్కు తోచక తిరిగేవాళ్లు ఎక్కువ. మే నెల ఎండలో అమీర్‌పేట నుంచి మియాపూర్ దాకా పాక్కుంటూ వెళ్లే ట్రాఫిక్‌లో టార్క్ కన్వర్టర్ ఆయిల్‌ను చిలుకుతూనే ఉంటుంది, ఆయిల్ కాగుతూనే ఉంటుంది. మన దగ్గర బాక్సు ఆయుష్షు పెరగాలంటే స్ప్రింగు కంటే ముందు సరైన ఆయిల్, వేళకు మార్చడం, అవసరమైతే అదనపు ఆయిల్ కూలర్. ఈ మాట నేర్పని గురువు దగ్గర మీవాడు ఉంటే గ్యారేజీ మార్పించండి.

చదువు ఆపడానికి మాత్రం నేను ఒప్పుకోను. డిప్లొమా పూర్తయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరొచ్చు. మీవాడికి పిచ్చి పట్టించిన ఈ గేరు పడే తీరునే ఉద్యోగంగా చేసే ఇంజినీర్లు ఉన్నారు, దాన్ని ట్రాన్స్‌మిషన్ క్యాలిబ్రేషన్ అంటారు. ప్రపంచంలో పేరున్న గేర్‌బాక్సు కంపెనీ జెడ్‌ఎఫ్‌కు నానక్‌రామ్‌గూడలోనే టెక్నాలజీ సెంటర్ ఉంది. అలాంటి చోటికి బీటెక్‌తో పాటు మ్యాట్‌ల్యాబ్, సిమ్యులింక్ అనే ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్లు వచ్చి ఉండాలి. మళ్లీ నాలుగు గోడల చదువు వద్దంటే కార్ల కంపెనీ సర్వీస్ సెంటర్లో అప్రెంటిస్‌గా చేరమనండి. స్టైపెండ్ తక్కువే, కానీ కంపెనీ స్కానర్ చేతికొస్తుంది. ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటికి గేర్లు మార్చే బాక్సే ఉండదు కాబట్టి హై వోల్టేజ్ పని కూడా పక్కనే నేర్చుకోవాలి. ఇప్పుడు రోడ్డు మీదున్న ఆటోమేటిక్‌లు మాత్రం ఇంకా చాలా ఏళ్లు రిపేరుకు వస్తూనే ఉంటాయి.

ఇక మీ తమ్ముడి ఎర్టిగా. దాని తాళం ఇప్పుడే ఇవ్వకండి. బాక్సు పోతే గొడవ అన్నదమ్ముల మధ్యకు వస్తుంది. ఆ డబ్బులో కొంత పెట్టి పాడైపోయిన ఆటోమేటిక్ బాక్సు ఒకటి తుక్కులో కొనివ్వండి. మేడ మీద విప్పి, మళ్లీ బిగించి, మళ్లీ విప్పనివ్వండి. వంటింట్లో స్టీలు గిన్నెలు కొన్ని పైకి వెళ్లిపోతాయి, వాళ్లమ్మకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి.